కడిగిన ఉప్పు

"ఉప్పు కడగడానికి పొద్దంతా కావాలేటే నీకు?" అని అత్త చిట్టెమ్మ అరుగు మీద నుంచి అడిగింది. తవిటమ్మ జవాబు చెప్పలేదు. చెప్పాలని లేక కాదు. ఆ మాట చెవిన పడి, లోపలికి దిగి, దానికి తగిన జవాబు దొరికేసరికి అత్త ఇంకో మాట మీదికి వెళ్లిపోయింది. ఈ మధ్య అన్నీ అలాగే జరుగుతున్నాయి. బుట్టలో ఉప్పు ఉంది, చేతిలో చెంబు ఉంది, చెంబులో నీళ్లు ఉన్నాయి. ఆ నీళ్లు బుట్టలో పొయ్యాలని తెలుసు. చెయ్యి మాత్రం ఎవరిదో అరువు తెచ్చుకున్న చెయ్యిలా ఆలస్యంగా లేస్తోంది.

ఆ ఇంట్లో ఉప్పు కడగడం ఒక ఆచారం. భీమునిపట్నం ఉప్పుమళ్ల నుంచి బస్తాలు శృంగవరపుకోట చేరి, అక్కడి నుంచి బళ్ల మీద అనంతగిరి ఘాటీ ఎక్కి డుంబ్రిగుడ వస్తాయి. తవిటమ్మ మొగుడు అప్పలస్వామి ఆ సంతలో ఉప్పు, పొగాకు, గుడ్డలు పెట్టి, కొండవాళ్ల దగ్గర పసుపు, చింతపండు, వలిసె నూనెగింజలు మార్చుకునే వ్యాపారి. ముందు దుకాణం, వెనక ఇల్లు. సంతకొచ్చిన వాళ్లకు ఉప్పు ఉన్నదున్నట్టు, నల్లగా, చెమ్మగా, ఇసకతో సహా కొలిచి పోస్తారు. ఇంట్లోకి మాత్రం అలా రాకూడదు. బండివాళ్ల కాళ్లూ, ఎద్దుల చెమటా, దారి పొడుగునా ఎవరెవరి చేతులో తగిలిన ఉప్పు అలాగే తినడానికి మనమేమన్నా కొండవాళ్లమా అని చిట్టెమ్మ వాదన. అందుకని బుట్టలో పోసి, నీళ్లు కుమ్మరించి, చేత్తో పిసికి, మళ్లీ కుమ్మరించి, మల్లెపూవులా తెల్లబడేదాకా కడిగి ఎండబెట్టాలి. సగం ఉప్పు నీళ్లపాలే. ఆ నీళ్లు ఎద్దుల కుడితిలో పోస్తారు, అవి ఎగబడి తాగుతాయి. తవిటమ్మ కాపురానికొచ్చిన వారంలోనే ఆ పని ఆమె చేతికొచ్చింది. "మా ఇంటి ఉప్పు సూత్తే సాలు, మేం ఎలాటోళ్లమో తెలిసిపోద్ది" అని చిట్టెమ్మ చుట్టాలకు చూపించి మురిసేది. ఆ తెలుపు ఎవరి అరచేతుల తోలు తీసిందో చుట్టాలూ అడగలేదు, ఆవిడా చెప్పలేదు.

పుట్టింట్లో తవిటమ్మ ఇలా ఉండేది కాదు. ఆమెకు ముందు పుట్టినవాళ్లెవరూ బతకలేదు. అందుకని తల్లి, ఆమెను పుట్టగానే చేటలో తవుడు పోసి దాని మీద పడుకోబెట్టి, ఎదురింటావిడకు పిడికెడు తవుడుకు అమ్మేసి, మళ్లీ తెచ్చుకుంది. విలువలేని పిల్ల అనుకుని మృత్యువు వదిలేస్తుందని అలా చేస్తారు. ఆ పేరే నిలిచింది. మృత్యువు సంగతేమో గానీ, ఊరివాళ్లెవరూ ఆమెను ఆపలేకపోయేవారు. నడిస్తే పరుగు, మాట్లాడితే గలగల. ఇక్కడికొచ్చిన రెండో ఏడు దాకా కూడా అలాగే ఉంది. గూడెం కొండల్లో పితూరీ అణిగి నాలుగేళ్లయినా కింద ఊళ్లవాళ్లు మన్యం పేరు చెబితే వణికేవారు. ఆమె మాత్రం కాపురానికొచ్చేటప్పుడు ఘాటీ ఎక్కుతున్నంతసేపూ బండి దిగి లోయలు చూస్తూనే నడిచింది.

చలి మొదలైంది కూతురు చిన్నమ్మలు కడుపున పడ్డాక. అరకులో చలి కొత్త కాదు, అందరికీ ఉండేదే. కానీ ఈ చలి బయటి నుంచి వచ్చేది కాదు. ఎండాకాలం మధ్యాహ్నం, దుకాణంలో అప్పలస్వామి చొక్కా విప్పి విసనకర్రతో కొట్టుకుంటుంటే, తవిటమ్మ పొయ్యి దగ్గర గొంగడి కప్పుకుని కూర్చునేది. ఎముకల్లో ఎవరో దీపం ఆర్పేసినట్టుండేది. పురుడు అయ్యాక అది ఇంకా ముదిరింది. దువ్వెన నిండా జుట్టు వచ్చేది. కనుబొమల చివరలు రాలిపోయాయి. మొహం ఉబ్బింది, మడమలు పగిలాయి, ఒళ్లు బరువెక్కింది. తినేది మాత్రం అందరి తరవాత మిగిలిందే. "తిండి సూత్తే పిట్ట తిండి, ఒళ్లు సూత్తే గేదె ఒళ్లు" అని అత్త అంది. "సాటుగా మెక్కుతున్నాది, అందుకే" అని మొగుడు అన్నాడు. వాళ్లిద్దరూ అంత సులువుగా తేల్చేసిన సంగతి ఆమెకు మాత్రం అంతుపట్టలేదు. గుండిగ తోముతూ దాని అడుగున మెరుపులో తన మొహం చూసుకునేది. ఆ మొహం తనకేసి చూసేది. అది రెప్ప వేసేదాకా తను రెప్ప వెయ్యలేదని, తన మొహమే తనకు ముందు కదులుతోందని ఆమెకు అనిపించేది. గుండిగను బోర్లించి పెట్టేసేది.

తరవాత గొంతు పోయింది. పోవడం అంటే మూగబోవడం కాదు. ఒకరోజు వంటింట్లోంచి, "మావా, అన్నం పెట్టీసినాను" అని పిలిచింది. దుకాణంలో ఉన్న అప్పలస్వామి కర్ర పట్టుకుని లోపలికొచ్చాడు. ఇంట్లో ఎవడో మగాడు పిలిచాడని ఆయన అనుకున్నాడు. వసారా చూశాడు, గాదె వెనక చూశాడు, చివరికి పెళ్లాం కేసి చూశాడు. ఇంకోసారి పిలవమన్నాడు. ఆమె పిలిచింది. ఆ గొంతు తన నోట్లోంచే వచ్చింది, తన మాటలే పలికింది. కానీ అది నూతి అడుగున ఎవరో ముసలాయన మాట్లాడినట్టు, బొంగురుగా, నెమ్మదిగా, ప్రతి అక్షరాన్నీ మోసుకుంటూ వచ్చింది. ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అప్పలస్వామి ఆ పూట అన్నం తినలేదు. ఆ రోజు నుంచి తనను పేరు పెట్టి గానీ, వరస పెట్టి గానీ పిలవొద్దని చెప్పాడు. పెళ్లాం మాట వినాలని ఆయన ఏనాడూ అనుకోలేదు గానీ, వినడానికి భయపడడం మాత్రం అదే మొదలు.

ఇంతకీ ఆ ఇంట్లో అందరూ మెచ్చుకునే మనిషి ఒకతే, చిన్నమ్మలు. పుట్టి తొమ్మిదో నెల నడుస్తోంది. ఏడవదు. ఆకలికి ఏడవదు, తడికి ఏడవదు, దోమ కుట్టినా ఏడవదు. ఉయ్యాలలో వేస్తే వేసినట్టే ఉంటుంది. "బంగారు తల్లి. దీని అమ్మ కష్టపెట్టినంతా ఇది సుఖపెడతన్నాది" అని చిట్టెమ్మ చెప్పుకునేది. సంతకొచ్చిన వాళ్లు కూడా తొంగి చూసి, ఎంత బుద్ధిమంతురాలని బుగ్గ పుణికి వెళ్లేవారు. తవిటమ్మ ఒక్కతే ఆ బుద్ధికి భయపడేది. పాలకు ఆమే లేపాలి. లేపినా కళ్లు పూర్తిగా తెరవదు, నాలుక పెదాల మధ్య బయటే ఉంటుంది, రెండు గుక్కలు తాగి మళ్లీ నిద్ర. మెడ ఇంకా నిలవలేదు. చర్మం చల్లగా ఉంటుంది. రాత్రిళ్లు తన చలీ పిల్ల చలీ కలిసి ఒకే గొంగడిలో ముడుచుకుని పడుకునేవి. అప్పుడు ఆమెకు ఆ తవుడు బేరం గుర్తొచ్చేది. మృత్యువు అప్పుడు మోసపోయి వదిలేసిందేమో. ఇప్పుడు నిజం తెలిసి, ముందు తన లోపలికి వచ్చి కూర్చుని, తన పాలలోంచి కొద్దికొద్దిగా పిల్లలోకి వెళుతోందేమో. ఈ మాట ఎవరితో అంటుంది? అంటే ఆ గొంతుతోనే అనాలి కదా.

సంత రోజున సోములమ్మ పసుపు తెచ్చింది. డుంబ్రిగుడ పైనున్న ఊరు ఆమెది, కొండదొర తెగ ఆడది. ఆమె మెడకు ముందు వైపు కొబ్బరికాయంత కాయ వేలాడుతుంది. ఆ సంతకొచ్చే ఆడవాళ్లలో చాలామందికి అలాటి కాయ ఉంటుంది, కొందరికి నిమ్మకాయంత, కొందరికి రెండు మూడు పెరిగి గుత్తిలా. మగవాళ్లలో ఎక్కడో ఒకడికి. పూసల దండలు వాటి మీద నుంచి వేసుకుని నవ్వుతూ తిరుగుతారు. చిట్టెమ్మ వాళ్లను చూడగానే మొహం తిప్పుకునేది, ఆ రోగం చూపుతో అంటుకుంటుందన్నట్టు. ఆ రోజు చిట్టెమ్మ లేదు. సోములమ్మ పసుపు దింపి, తవిటమ్మను తేరిపార చూసి, చెయ్యి చాపి ఆమె గొంతు మీద రెండు వేళ్లు ఆన్చింది.

"నీకూ వొచ్చిందేటి సావుకారమ్మా," అంది, చుట్టరికం కలిసినట్టు సంతోషంగా.

తవిటమ్మ తన మెడ తడుముకుంది. అవును, గొంతు కింద మెత్తగా, అడ్డంగా ఏదో ఉంది. పొద్దున్న నుంచి రాత్రి దాకా ఇంతమంది ఒళ్లూ బట్టలూ అంట్లూ తడిమిన చేతులు ఇన్నాళ్లూ తన మెడ దాకా రాలేదు. సోములమ్మ తీరిగ్గా చెప్పింది. అది కొండమ్మ అట. ఆడవాళ్ల గొంతులో ఇల్లు కట్టుకుంటుందట. ఆవిడ ఇంట్లో ఉంటే చలి వేస్తుంది, నిద్ర వస్తుంది, అంతే, ఏమీ చెయ్యదు. మాట్లాడుతూనే దుకాణం గుంజకు ఆనుకుని కూర్చున్న తన కూతురిని చూపించింది. ముత్యాలమ్మ అని పేరు. ఎనిమిదేళ్ల పిల్లంత ఉంది. కానీ మొహం పిల్ల మొహం కాదు. మందమైన పెదాల మధ్య నాలుక కనిపిస్తూ ఉంటే, ఎవరికీ కాని నవ్వు నవ్వుతూ తన అరచేతినే చూసుకుంటోంది. ఎన్నేళ్లని తవిటమ్మ అడిగింది. ఇరవై దాటాయని సోములమ్మ చెప్పింది. తరవాత తవిటమ్మ చంకలో నిద్రపోతున్న చిన్నమ్మలు కేసి చూసి, ఆ తల్లి ప్రేమగానే అంది:

"నా గుంట కూడా ఇలగే. సిన్నప్పుడు ఎంత మంచి పిల్లో. ఏడవనే నేదు."

సంత గోలంతా ఒక్కసారిగా దూరమైపోయింది తవిటమ్మకు. సోములమ్మ ఉప్పు కొలిపించుకుని వెళ్లిపోయింది. ముత్యాలమ్మ తల్లి కొంగు పట్టుకుని, పడుతూ లేస్తూ, నవ్వుకుంటూ వెళ్లింది. తవిటమ్మ గుంజను పట్టుకుని నిలబడి చూస్తూనే ఉంది. పిల్లను గిల్లింది. గట్టిగా, ఎర్రగా కందేటట్టు గిల్లింది. చిన్నమ్మలు కళ్లు తెరిచి, నెమ్మదిగా తల్లిని చూసి, మళ్లీ మూసుకుంది.

ఆ రాత్రే ఇంట్లో ఇంకో తీర్మానం జరిగిపోయింది. తీర్మానాలు జరిగేటప్పుడు ఆమె వడ్డిస్తూ ఉండేది, అంతవరకే ఆమె పాత్ర. కింద నుంచి ఎండు సొరచేప వచ్చింది, పులుసు పెట్టింది. ముక్కలన్నీ అప్పలస్వామికీ అత్తకూ అయ్యాయి. బాలింత ఏడాదిపాటు చేప ముట్టకూడదని ఆ ఇంటి పథ్యం. పథ్యం లేని రోజుల్లో కూడా ఆమె వంతు పులుసే కాబట్టి అదేమీ పెద్ద లోటు కాదు. తింటూ తింటూ అప్పలస్వామి చెప్పాడు. దిసారి సుక్రును పిలిచాడు. దిసారి అంటే కొండవాళ్లకు ముహూర్తాలు పెట్టి, దేవతలతో మాట్లాడి, రోగాలకు వాతలు పెట్టేవాడు. ఎల్లుండి పొద్దున వచ్చి గొంతు మీద కొడవలి కాల్చి వాత పెడతాడు. లోపల ఉన్నది ఏదైనా సరే లేచిపోతుంది. ఇక పిల్ల సంగతి. ఏదో పట్టిన తల్లి పాలు పిల్లకు మంచివి కావు. వాత అయ్యాక చిట్టెమ్మ పిల్లను తీసుకుని శృంగవరపుకోటకు దిగిపోతుంది, అక్కడ ఆవుపాలు పడతారు.

"ఒక్క వాత, అంతే," అన్నాడాయన, చెయ్యి కడుక్కుంటూ. "మళ్లీ మామూలుగా పన్లు సేసుకుందువు గాని."

ఆమెకు వాత భయం రెండోది. పిల్లను కిందికి తీసుకుపోతే, అక్కడ కూడా ఏడవని పిల్ల బంగారు తల్లే అవుతుంది. మెచ్చుకుంటూ మెచ్చుకుంటూ ముత్యాలమ్మను చేసేస్తారు. అది ఆపేవాళ్లు ఎవరూ ఉండరు, ఎందుకంటే అది జబ్బని ఎవరూ అనుకోవడం లేదు.

మర్నాడు ఉప్పు బుట్ట ముందు పెట్టుకుని కూర్చున్నప్పుడు, నీళ్లు తెచ్చిన కూలిమనిషి ఒక కబురు చెప్పింది. జయపురం వైపు నుంచి విశాఖపట్నం వెళుతున్న మిషను డాక్టరమ్మ, బండి ఇరుసు విరిగి ముసాఫరు బంగళాలో ఆగిపోయిందట. వచ్చినవాళ్లకు పుళ్లు కడిగి మందు ఇస్తోందట. తవిటమ్మ విన్నది. మామూలుగా అయితే ఆ మాట లోపలికి దిగడానికి పూట పట్టేది. ఆ రోజు మాత్రం వెంటనే లేచింది. ఉప్పు సగం నానుతూ ఉండగానే, పిల్లను గొంగడిలో చుట్టుకుని పెరటి తడిక తీసి నడిచింది. పొలాల్లో వలిసె పూలు పచ్చగా విరగబూసి ఉన్నాయి. గాలి లేదు, పురుగు రొద లేదు. తన అడుగుల చప్పుడు తన వెనక నుంచి వినిపిస్తోంది, ఎవరో తనకంటే కొంచెం ఆలస్యంగా నడుస్తున్నట్టు. ఆమె వెనక్కి తిరిగి చూడలేదు. ఎవరైతేనేం, ఈ పూటకు వెంట రానీ అనుకుంది.

డాక్టరమ్మ పేరు ఎస్తేరమ్మ. తెల్లావిడ కాదు, బొబ్బిలి దగ్గర పుట్టిన తెలుగు మనిషే. నల్లగా, పొట్టిగా, ముతక తెల్ల చీర కట్టుకుని, బంగళా వరండాలో పీట మీద కూర్చుని ఉంది. తవిటమ్మ నోరు తెరిచి రెండు మాటలు చెప్పేసరికి ఆవిడ చేతిలో పని ఆపేసింది. ఆ గొంతుకు భయపడని మనిషిని చూడడం తవిటమ్మకు చాలా రోజుల తరవాత అదే. ఆవిడ ఇంకా మాట్లాడమంది. చెప్పనిచ్చి, మెడ తడిమి, నాడి పట్టి, మోకాళ్ల మీద నిలబెట్టి మడమ పైన నరాన్ని చిన్న సుత్తితో తట్టింది. పాదం ఒక్కసారి కదిలి, తీరిగ్గా, ఎంతో తీరిగ్గా వెనక్కి వచ్చింది. తరవాత పిల్లను ఒళ్లో వేసుకుంది. పిల్ల నాలుక చూసింది, బొడ్డు చూసింది, పొట్ట మీద చర్మం పట్టి చూసింది. అప్పటిదాకా నవ్వుతున్న మొహం అక్కడ ఆగిపోయింది. ఏడుస్తుందా అని అడిగింది. ఏడవదని తవిటమ్మ చెప్పింది.

ఎస్తేరమ్మ పిల్లను ఒళ్లోంచి దింపకుండానే చెప్పడం మొదలుపెట్టింది. గొంతు ముందర, ఊపిరి గొట్టం మీద రెండు రెక్కలు పరిచినట్టు ఒక గ్రంథి ఉంటుంది, దాన్ని థైరాయిడ్ అంటారు. అది ఒక రసం చేస్తుంది. ఆ రసం నెత్తుట్లో కలిసి ఒళ్లంతా తిరిగి, ఏ భాగం ఎంత వేడిగా ఉండాలో, ఎంత చురుగ్గా ఉండాలో, పిల్లల్లో అయితే ఎముక ఎంత పెరగాలో, బుద్ధి ఎంత తెరుచుకోవాలో చెబుతుంది. ఆ రసం తగ్గితే ఒంట్లో అన్ని పొయ్యిలూ సన్నగిల్లుతాయి. చలి, మందం, వాపు, బొంగురు గొంతు, అన్నీ అందుకే. కప్పపిల్లల మీద చూశారట దొరలు. తోకకప్పలుగా ఉన్నప్పుడే ఆ గ్రంథి తీసేస్తే అవి చావవు, కప్పలూ కావు. తోకకప్పలుగానే నీళ్లలో పెద్దగా, ఇంకా పెద్దగా పెరుగుతూ ఉండిపోతాయి.

తవిటమ్మకు గుంజకు ఆనుకుని అరచేతిని చూసుకుంటున్న ముత్యాలమ్మ కనిపించింది. కొండల్లో ఎన్ని ఇళ్లలో ఎన్ని ఉయ్యాలల్లో ఎంతమంది అలా గట్టు ఎక్కకుండా ఉండిపోయారో అనుకుంటే ఒళ్లు జలదరించింది. అది చలి కాదు. చలి కాని వణుకు వచ్చి ఎన్నాళ్లయిందో.

"మరి తక్కువైతే ఎక్కువ సెయ్యమని దానికి ఎవులు సెప్తారమ్మా?" అని అడిగింది.

ఎస్తేరమ్మ ఆమెను కొత్తగా చూసింది. అది పెద్ద డాక్టర్లకు ఇప్పుడిప్పుడే తెలుస్తోందని చెప్పింది. మెదడు కింద శనగగింజంత ఇంకో గ్రంథి ఉంది. నెత్తుట్లో రసం తగ్గితే అది గొంతులో దానికి హుకుం పంపుతుంది, ఇంకా చెయ్యి, ఇంకా చెయ్యి అని. సరిపడా ఉంటే ఊరుకుంటుంది. కానీ రసం చెయ్యడానికి సరుకు కావాలి కదా. ఆ సరుకు పేరు అయోడిన్. అది సముద్రం దగ్గర దొరుకుతుంది, ఈ కొండల్లో వానలు దాన్ని నేలలోంచి ఎప్పుడో కడిగేశాయి. సరుకు లేదు, హుకుం ఆగదు. పాపం, అది ఎలాగైనా చేద్దామని వాచి, పెరిగి, కాయ కడుతుంది. కడుపుతో ఉన్నప్పుడూ పాలిచ్చేటప్పుడూ ఇద్దరికి కావాలి, అందుకే ఆడవాళ్లకే ఎక్కువ.

"అంటే తలకాయలోన ఒక అత్త ఉన్నాదన్నమాట," అంది తవిటమ్మ ఆ బొంగురు గొంతుతో. "సరుకు ఇయ్యదు, పని మాత్రం అడుగుతాది."

ఎస్తేరమ్మ పకపకా నవ్వి, అంతలోనే నవ్వు ఆపుకుంది. ఆ అత్తది కూడా తప్పు కాదమ్మా, పైకి రావలసింది రావడం లేదని ఆవిడకు తెలుసు, ఎందుకు రావడం లేదో తెలియదు అని చెప్పింది. తరవాత ఏం ఉప్పు తింటారని అడిగింది. తవిటమ్మ చెప్పింది. బుట్టా, నీళ్లూ, పిసకడం, తెల్లబడేదాకా కుమ్మరించడం అన్నీ చెప్పింది. ఆ కడిగిన నీళ్లు ఏం చేస్తావని ఎస్తేరమ్మ అడిగింది. ఎద్దులకు పోస్తానని చెప్పింది. ఎస్తేరమ్మ పిల్ల గొంగడి సర్దింది. సముద్రపు ఉప్పులో ఉండేదే చాలా కొంచెమనీ, అది నీళ్లలో ఇట్టే కరిగిపోయేదనీ, ఆ కొంచెం కూడా ఎద్దుల పాలవుతోందనీ మెల్లగా చెప్పింది. సముద్రపు చేపలో కూడా అది ఉంటుందని చెప్పి, ఇంట్లో చేప ఎవరు తింటారని అడిగింది. ఆ జవాబు తవిటమ్మ చెప్పక్కర్లేకపోయింది.

తవిటమ్మ తన అరచేతులు చూసుకుంది. తెల్లటి ఉప్పు, అత్త గర్వం, ఇంటి పరువు. తన గొంతుకు రావలసింది తన చేతులతోనే, రోజూ, ఓపిగ్గా కడిగేసింది. పిల్లకు పాలలో ఇవ్వవలసింది ఎద్దుల కుడితిలో పోసింది. పైగా ఆలస్యమైతే తిట్లు తిని, రేపు ఇంకా తొందరగా కడగాలని అనుకుంది. అప్పుడు ఆమెకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది.

ఎస్తేరమ్మ ఒక సీసా ఇచ్చింది. గొర్రె గొంతులోని అదే గ్రంథిని ఎండబెట్టి పొడి చేసి చేసిన బిళ్లలు. ఆమెకు ఇంత, పిల్లకు పాలలో చిటికెడు. తొందరపడి ఎక్కువ వేస్తే గుండె పరిగెడుతుంది, జాగ్రత్త. అయిపోయేలోగా మిషను ఆసుపత్రికి కబురు చేస్తే పంపుతానంది. పిల్ల బాగుపడుతుందా అని తవిటమ్మ అడిగింది.

"కొంత వెనక్కి వస్తుంది. అంతా వస్తుందని మాట ఇవ్వలేను, ఆలస్యమైంది. ఇంకో ఏడాది పోతే ఏమీ రాదు," అంది ఎస్తేరమ్మ. ఇరవై దాటినవాళ్లకు ఏమన్నా ఉందా అని తవిటమ్మ అడిగితే, తల అడ్డంగా ఊపింది.

మర్నాడు పొద్దున తవిటమ్మ పొయ్యి ముట్టించే వేళకు పెరట్లో సుక్రు దిసారి కూర్చుని ఉన్నాడు. బొగ్గుల్లో కొడవలి మొన ఎర్రబడుతోంది. పిల్లను దింపి కోడలి రెండు చేతులూ పట్టుకోమని అప్పలస్వామి తల్లికి చెబుతున్నాడు. చిట్టెమ్మ చంకలో చిన్నమ్మలు ఉంది, ప్రయాణం గుడ్డలు కట్టి. తవిటమ్మ ముందు మంచిగానే చెప్పింది. డాక్టరమ్మ ఉందనీ, గ్రంథి ఉందనీ, బిళ్లలు ఇచ్చిందనీ చెప్పింది. ఎవరి మాట మీద గడప దాటావని మొగుడు అడిగాడు. ఉప్పు నానబెట్టి పోయింది, అంతా నీరైపోయిందని అత్త అంది. గ్రంథి సంగతి ఎవరికీ పట్టలేదు. అప్పుడు తవిటమ్మ ఒకటి గమనించింది. తను మాట్లాడుతుంటే వాళ్లు తన కళ్లకేసి చూడడం లేదు. ముగ్గురూ గొంతుకేసి చూస్తున్నారు. తవిటమ్మ మాట విననివాళ్లు, ఆ గొంతు మాట మాత్రం ఊపిరి బిగబట్టి వింటున్నారు.

ఆమె వెన్ను నిటారుగా పెట్టి కూర్చుంది. "కాల్చకు," అంది.

సుక్రు చెయ్యి కొడవలి పిడి దగ్గర ఆగిపోయింది. వాళ్ల పద్ధతిలో అడగవలసింది అడగాలి. చేతులు జోడించి, "ఎవులమ్మా నువ్వు?" అన్నాడు.

"ఈ గొంతుల ఉన్నదాన్ని."

పెరట్లో కోళ్లు కూడా కదలడం మానేసినట్టనిపించింది. ఆ నెమ్మది, ఆ బరువు, మాటకూ మాటకూ మధ్య ఆ ఖాళీ, ఏదీ ఆమె పెట్టుకున్నది కాదు. జబ్బే అమర్చి పెట్టింది. తను అబద్ధం ఆడడం లేదని ఆమెకు తెలుసు. తన మాటలు విని తనకే జుట్టు నిక్కబొడుచుకుంది, నిజంగానే లోపల ఇంకెవరో ఇన్నాళ్లూ నోరు నొక్కుకుని కూర్చుని, ఇప్పుడు తన పెదాలు అరువడిగి తీసుకున్నట్టు.

"ఏటి కావాల తల్లీ?" అన్నాడు సుక్రు.

"పని సెయ్యి, పని సెయ్యి అంటారు. సరుకు ఇయ్యరు. నానెలగ సేతును? ఈ ఇంట్ల ఉప్పు కడగొద్దు. సముద్రపు సేప ముందల ఈ ఆడదాని కంచంల పడాల. ఇది మింగే బిళ్ల, బిడ్డకేసే మందు, ఎవులూ అడ్డొద్దు. బిడ్డని దీని కాడి నుంచి తీత్తే, నాను ఆ ముసిల్దాని గొంతులకి ఎల్తాను."

చిట్టెమ్మ చెయ్యి తన మెడ మీదికి పోయింది. పిల్లను తెచ్చి కోడలి ఒళ్లో పెట్టేసి రెండడుగులు వెనక్కి వేసింది. సుక్రు కొడవలిని నీళ్లలో ముంచేశాడు, అది చుయ్యిమంది. అడిగిన దేవతకు అడిగింది ఇవ్వకపోతే ఇల్లు నిలవదనీ, కొండమ్మ అంతటిది ఉప్పూ చేపతో సరిపెట్టుకుంది, అది మీ అదృష్టమనీ అప్పలస్వామికి చెప్పి, తనకు కూలిగా రావలసిన కోడిపుంజును తీసుకుని వెళ్లిపోయాడు. అప్పలస్వామి ఆ పూట పెళ్లాం తిన్నాక తిన్నాడు. ప్రపంచం మునిగిపోలేదు.

బిళ్లలు పనిచెయ్యడానికి వారాలు పట్టింది. ఒకరోజు పొయ్యి దగ్గర తవిటమ్మ నుదుటి మీద ఏదో పాకుతున్నట్టయి తుడుచుకుంటే చెమట. ఆ తడి వేలిని చాలాసేపు చూసుకుంది. తరవాత గొంగడి పెట్టెలోకి పోయింది, మొహం వాపు తీసింది, గుండిగ అడుగున ఉన్నది తనతో పాటే రెప్ప వెయ్యడం నేర్చుకుంది. చిన్నమ్మలు మెడ నిలబెట్టింది, నాలుక లోపలికి తీసుకుంది, దీపం వైపు తల తిప్పింది. ఏడవడం మాత్రం లేదు. తవిటమ్మ గొంతు కూడా రోజు రోజుకూ సన్నబడి, పాత గొంతు పైకి తేలింది. దాన్ని విని ఇంట్లో అందరి మొహాలూ తేటపడ్డాయి. ఆ తేట ఎందుకో తవిటమ్మకు అర్థం కావడానికి ఎంతో కాలం పట్టలేదు. ముందు చేప ముక్క చిన్నదైంది. తరవాత "ఎంతసేపే" అన్న మాట తిరిగొచ్చింది. సంత రోజు పొద్దున, చిట్టెమ్మ ఉప్పు బుట్టా నీళ్ల బిందే తెచ్చి ఆమె ముందు పెట్టింది.

"తల్లి ఎలిపోనాది గదా. ఇంక కడుగు," అంది, ఎంతో మామూలుగా.

తవిటమ్మ బుట్టకేసి చూసింది. ఆ క్షణంలోనే లోపలి గదిలోంచి ఏదో చప్పుడు వచ్చింది. పిల్లి అనుకుంది ముందు. తరవాత అది పెరిగింది, చీలింది, గుక్క తిప్పుకుని మళ్లీ లేచింది. చిన్నమ్మలు ఏడుస్తోంది. ఆకలేసిందో, తడిసిందో, ఇన్నాళ్లూ దాచుకున్నదంతా కలిపో, ఇంటి కప్పు లేచిపోయేలా ఏడుస్తోంది. దుకాణం ముందు పసుపు దింపుతున్న సోములమ్మ తలెత్తి విని, పక్కనున్న ముత్యాలమ్మ తల నిమిరింది. బేరం మాటలు వినపడడం లేదని అప్పలస్వామి విసుక్కున్నాడు.

"ఏటా ఏడుపు! బంగారం లాటి గుంట, ఏటి సేసినావే దాన్ని? బేగి ఎల్లి దాని నోరు ముయ్యి," అంది చిట్టెమ్మ.

తవిటమ్మ కదల్లేదు. కళ్ల నీళ్లు వాటంతట అవి కారుతుంటే, ఆ ఏడుపును మొదటి నుంచి చివరి దాకా విన్నది. వెళతాను, పాలిస్తాను, కానీ నోరు మూయడానికి కాదు అనుకుంది. ఉప్పు బుట్ట ఎత్తి, నల్లగా చెమ్మగా ఉన్న ఉప్పును ఉన్నదున్నట్టు వంటింటి జాడీలో కుమ్మరించింది. అప్పుడు గడ్డం కిందికి నొక్కి, గుండె అడుగు నుంచి, బిళ్లలు కరిగించేసిన ఆ ముసలి గొంతును వెతికి పట్టుకుని పైకి తెచ్చింది.

"ఏడవనియ్యి," అంది.

చిట్టెమ్మ చెయ్యి మళ్లీ మెడ మీదికి పోయింది. జబ్బు పోయింది. జబ్బు ఇచ్చిన గొంతును మాత్రం తవిటమ్మ ఇక ఎవరికీ తిరిగి ఇవ్వలేదు.